రాయదుర్గం జీన్సు మూటల మధ్య నా నిఫ్ట్ ప్రిపరేషన్

నిఫ్ట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ) ఎంట్రన్స్ రాయాలనుకునే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నా అనుభవం రాస్తున్నా. మాది అనంతపురం జిల్లా రాయదుర్గం. ఇప్పుడు బెంగళూరు నిఫ్ట్‌లో ఫ్యాషన్ డిజైన్ రెండో ఏడాది చదువుతున్నా. మొదటిసారి రాసినప్పుడు సీటు రాలేదు, రెండోసారి వచ్చింది. మధ్యలో ఉన్న ఆ ఏడాదిలో నేను కొత్త పుస్తకాలేమీ చదవలేదు. మా ఇంట్లో, మా వీధిలో ఉన్నవాటిని నిదానంగా చూడటం నేర్చుకున్నా. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తా.

ముందు పరీక్ష సంగతి. బీడిజైన్ అనే డిజైన్ డిగ్రీకి ఇంటర్లో ఏ గ్రూపైనా సరిపోతుంది, నాది సీఈసీ. బట్టల తయారీ టెక్నాలజీ నేర్పే బీఎఫ్‌టెక్ కావాలంటే మాత్రం మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి. బీడిజైన్ ఎంపికలో క్యాట్ అనే బొమ్మల పరీక్షకు 50 శాతం, గ్యాట్ అనే రాత పరీక్షకు 30 శాతం, ఆ రెండూ దాటినవాళ్ళకు పెట్టే సిట్యుయేషన్ టెస్ట్‌కు 20 శాతం వెయిటేజీ. అంటే 70 శాతం మన చేతిలో, కంట్లో ఉంది. ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి, తెలుగులో ఉండవు. వివరాలు ఏటా కొంచెం కొంచెం మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ మీరే మొదటి నుంచి చివరిదాకా చదువుకోండి. ఎవరో చెప్పింది నమ్మొద్దు, నేను చెప్పింది కూడా.

ఇంటర్ రెండో ఏడాదిలో దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు అన్నీ ఒక కోచింగ్ సెంటర్లో గడిచాయి. అక్కడ బొమ్మలు కూడా బట్టీ పట్టించారు. పండగ అంటే ఒక బొమ్మ, పర్యావరణం అంటే ఇంకో బొమ్మ, ప్రయాణం అంటే మరొకటి. ఒక్కోటి యాభైసార్లు గీయించారు. ఫ్యాషన్ బొమ్మల్లో మనిషిని తలకు తొమ్మిదింతల పొడవు గీస్తారు. మామూలు మనిషి ఏడున్నర తలలే ఉంటాడు. నాకు ఆ తొమ్మిది తలల మనిషి తప్ప ఇంకో మనిషిని గీయడం రాకుండా పోయింది. పరీక్ష హాల్లో మూడు గంటలూ చేయి ఆగకుండా గీశా. బయటికొచ్చి మాట్లాడుకుంటే నా చుట్టూ ఉన్నవాళ్ళందరూ దాదాపు అదే గీశారు. రిజల్ట్ చూసి నేను ఏడుస్తుంటే నాయన పక్కన కూర్చుని, "ఇంకో ఏడాది చూద్దాంలే పాపా, భూమేం మునిగిపోదు" అన్నాడు. ఆ మాట లేకపోతే నేను డిగ్రీలో చేరిపోయి ఉండేదాన్ని.

కోచింగుకు మళ్ళీ పంపే డబ్బు ఇంట్లో లేదు. ఇంట్లోనే ఉండిపోయా.

రాయదుర్గం తెలిసినవాళ్ళకు మా వీధి ఎట్లుంటుందో చెప్పక్కర్లేదు. పొద్దున లేస్తే మిషన్ల చప్పుడే. బళ్ళారి దగ్గర కదా, జీన్సు పని మా ఊరికి అన్నం పెడుతుంది. నాయన కటింగు మాస్టరు. అమ్మ ఇంట్లో మిషన్ మీద జేబులు, నడుం పట్టీలు కుడుతుంది. కుట్టిన ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించే పని జేజిది, నాది. ఇన్నేళ్ళూ ఆ మూటలు ఇంట్లో చోటు తినేస్తాయని విసుక్కున్నానే తప్ప, ఒక ప్యాంటును సరిగ్గా చూసింది లేదు.

ఒకరోజు దారాలు కత్తిరిస్తుంటే అమ్మ నా చేతిలోంచి ప్యాంటు లాక్కుని జేబు మూల చూపించింది. "బట్ట చిరిగేది నడుమ కాదు పాపా, మూలన. చెయ్యి జేబులో పెట్టినప్పుడల్లా భారమంతా ఈడే పడేది. అందుకే ఈడ కుట్టు నాలుగుసార్లు తొక్కాల." ఆ మూల నేను ఆ రోజే మొదటిసారి చూశా. దగ్గరదగ్గరగా వేసిన అడ్డకుట్టు, దాని పక్కనే రివిట్ అనే రాగి రంగు మేకు బొత్తం. తర్వాత గ్యాట్ కోసం జీకే చదువుతుంటే, జేకబ్ డేవిస్ అనే దర్జీ కూలీల ప్యాంట్ల జేబులు ఊరికే చిరిగిపోతున్నాయని మూలల్లో రాగి రివిట్లు కొట్టాడని, బట్టల వ్యాపారి లెవీ స్ట్రాస్‌తో కలిసి 1873లో దానికి పేటెంట్ తీసుకున్నాడని కనిపించింది. అమ్మకు చదివి వినిపిస్తే, "నిజమే మరి, ఆయప్ప కుట్టినోడు కదా, తెలిసింటుంది" అంది. ఆ సంవత్సరం నాకు ఇక మర్చిపోయే పని లేదు.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చా. రోజూ రెండు గంటలు, ఎదురుగా ఉన్నదే గీయాలి, గుర్తున్నది గీయకూడదు. మొదటి నెలంతా చేతులే గీశా. అమ్మ బొటనవేలు, చూపుడువేలు ఎప్పుడూ నీలంగా ఉంటాయి. వాషింగుకు పోని డెనిమ్, అంటే జీన్సు బట్ట, రంగు చేతికి అంటుకుంటుంది. గోటి చుట్టూ నీలం ముదురుగా, వేలి గీతల్లో పలచగా కనిపిస్తుంది. కలర్ పెన్సిళ్ళతో ఆ తేడా తేవడానికే నాకు వారం పట్టింది. డెనిమ్‌లో నిలువు పోగు నీలం, అడ్డపోగు తెలుపు. అందుకే బట్ట తిరగేస్తే తెల్లగా ఉంటుంది, అరిగినచోట లోపలి తెలుపు బయటపడుతుంది. ఇది తెలిశాక మోకాలి దగ్గర వెలిసిన ప్యాంటును గీయడం సులువైంది. కారణం తెలియకుండా షేడింగ్ చేస్తే ఎంత చేసినా మురికిలాగే ఉంటుంది.

తర్వాత బస్టాండుకు, సంతకు పోవడం మొదలుపెట్టా. మూటలు ఎత్తుకున్న ఆడవాళ్ళు కొంగు ఎట్లా దోపుతారు, గొర్రెలు కాసే తాతలు గొంగడి ఏ భుజం మీద వేస్తారు, ఇట్లాంటివే గీశా. చుట్టూ జనం చేరి చూస్తే మొదట్లో సిగ్గేసేది. పదిరోజులకు అదీ పోయింది.

ఒకసారి నాయన లేపాక్షి తీసుకుపోయాడు. వీరభద్రస్వామి గుడి పైకప్పు బొమ్మల కింద మెడ నొప్పి పుట్టేదాకా నిలబడ్డా. విజయనగర కాలం నాటి మనుషులు, మగవాళ్ళ తలమీద పొడుగాటి కుళ్ళాయిలు, ఆడవాళ్ళ కట్టుల్లో చారలు, గళ్ళు, పువ్వులు. ఒక్కో చీర డిజైను ఒక్కో తీరు. లతా మండపం స్తంభాల మీద చెక్కిన తీగలు, పూలు ధర్మవరం చీరల అంచుల్లో చూసే ఉంటారు. ఫ్యాషన్ చరిత్ర అంటే పారిస్ నుంచే మొదలుపెట్టాలని అనుకునేదాన్ని. మన జిల్లాలవాళ్ళకు అది బస్సు ఎక్కితే చూసొచ్చే దూరంలో ఉంది, దయచేసి ఒక నోట్‌బుక్ పట్టుకుని పోయిరండి.

గ్యాట్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తెలుగు మీడియం కాబట్టి ఇంగ్లీషుకు భయపడ్డా. మా శాఖా గ్రంథాలయంలో రోజూ ఇంగ్లీషు పేపర్ ఒక పేజీ గట్టిగా చదివి, తెలియని మాటలు రాసుకునేదాన్ని. లెక్కలు పదో తరగతి స్థాయివే, శాతాలు, నిష్పత్తులు బాగా చేసుకుంటే చాలు.

సిట్యుయేషన్ టెస్ట్ దగ్గర మాత్రం చాలామంది తేలిగ్గా తీసుకుని దెబ్బతింటారు. అక్కడే ఇచ్చే సామానుతో, ఇచ్చిన సందర్భానికి తగ్గట్టు ఒక మోడల్ చేయాలి. ఏం ఇస్తారో ముందుగా తెలియదు. నేను ఇంట్లో కటింగులో మిగిలిన ముక్కలు, అట్టలు, ఇనుప తీగ, చీపురుపుల్లలు, ఐస్ పుల్లలు ఒక సంచిలో వేసి, కళ్ళు మూసుకుని ఐదు వస్తువులు తీసి, గడియారం పెట్టుకుని చేసేదాన్ని. జేజి టాపిక్ ఇచ్చేది. ఒకరోజు "వాన లేని ఊరు చెయ్యి" అంది. ఇంకోరోజు "పెళ్ళికి పోయి ఒంటరిగా కూర్చున్న ముసల్ది" అంది. ఏ కోచింగులోనూ అంత మంచి టాపిక్ నాకు దొరకలేదు. పరీక్షలో నా పక్కమ్మాయి మోడల్ నాకంటే అందంగా ఉండింది, కానీ జిగురు ఆరక లేపగానే ఒక కాలు ఊడొచ్చింది, పాపం. నేను ముందు కీళ్ళు, మూలలు దారంతో బిగించి, తర్వాతే అలంకారం పెట్టా. అమ్మ చెప్పిన జేబు మూలే అది.

ఇక బెంగళూరు. సీటు వస్తే అంతా సుఖమే అనుకుంటారు గానీ, మొదటి సెమిస్టర్ నాకు కష్టంగానే గడిచింది. ఫీజు తక్కువేమీ కాదు, బ్యాంకు లోన్ తీసుకున్నాం. ఆదాయం తక్కువున్న కుటుంబాలకు ఆర్థిక సాయం పథకం కూడా ఉంది, అడ్మిషన్ అప్పుడే అడగండి. క్లాసులో పెద్ద స్కూళ్ళ పిల్లలు, వాళ్ళ ఇంగ్లీషు వింటే నా నోరు పెగిలేది కాదు. నెమ్మదిగా ఊరు అలవాటైంది. చిక్‌పేటలో గుడ్డల దుకాణాల ముందు గంటలు గంటలు నిలబడి బట్ట చేత్తో పట్టి చూస్తుంటా. మెట్రోలో ఎదురు సీటువాళ్ళను గీస్తుంటా. రాత్రిళ్ళు మస్లిన్ అనే పలచటి నూలు బట్టను డ్రెస్ ఫామ్ అనే మనిషి ఆకారపు బొమ్మ మీద పిన్నులతో బిగిస్తూ తెల్లవారిన రోజులున్నాయి. మా బస్టాండు బొమ్మల నోట్‌బుక్ ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది. పోయిన సెమిస్టర్ ప్రాజెక్టుకు గొంగడి వేసుకునే తీరు నుంచే ఒక జాకెట్ భుజం కత్తిరించా. మేడమ్ "ఇది ఎక్కడ చూశావు?" అని అడిగింది. పది నిమిషాలు ఆపకుండా చెప్పా, వచ్చీరాని ఇంగ్లీషులోనే.

ఆ జాకెట్ దసరాకు ఇంటికి తీసుకుపోయా. జేజి వేసుకుని చూసుకుంది. అమ్మ మాత్రం దాన్ని తిరగేసి, కిటికీ వెలుగులో లోపలి కుట్లన్నీ వేలితో తడిమి, జేబు దగ్గర ఆగింది. "బాగుంది పాపా. ఈ మూలన ఇంకో కుట్టు తొక్కాల్సింది."

భోజనాలయ్యాక ఆ జేబు విప్పి, అమ్మ మిషన్ మీదే మళ్ళీ కుట్టా.