కొత్త సిస్టమ్ కొనకముందు ఒక పెన్‌డ్రైవ్‌తో చూడండి

మా డీటీపీ సెంటర్‌లో ఉన్నది ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్ డెస్క్‌టాప్. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 ఏమో ఈ ప్రాసెసర్‌ని ఒప్పుకోదు. "కొత్తది తీసేసుకో అన్నా" అన్నాడు సర్వీసు కుర్రాడు. శుభలేఖలు, రసీదు బుక్కులు ఇన్నాళ్ళూ విసుక్కోకుండా చేసిపెట్టిన మిషన్ని మూలన పడేయడానికి నాకు మనసొప్పలేదు. అందుకే హార్డ్‌డిస్క్ ముట్టుకోకుండా, విండోస్‌కి బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌ని పెన్‌డ్రైవ్ మీదే నడిపి చూశాను.

ర్యామ్ 4 జీబీయే కాబట్టి తేలికగా ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకున్నాను. ఐఎస్ఓ (మింట్ మొత్తం ఉండే ఒకే ఫైలు) దిగగానే, దాన్ని పెన్‌డ్రైవ్‌కి ఎక్కించే రూఫస్ ప్రోగ్రాము తెరిచేయకండి. 2016 ఫిబ్రవరిలో మింట్ సైట్‌నే హ్యాక్ చేసి, డౌన్‌లోడ్ లింకుని దొంగ ఐఎస్ఓకి మళ్ళించారు. అప్పట్నుంచీ ఎస్‌హెచ్‌ఏ256 (ఫైలు మారలేదని తేల్చే కోడు) సరిచూడనిదే నేను ఏ ఐఎస్ఓనీ నమ్మను. రూఫస్ పెన్‌డ్రైవ్‌ని మొత్తం చెరిపేస్తుంది, కస్టమర్ల ఫోటోలున్నది మాత్రం పెట్టకండి.

ఆన్ చేస్తూనే ఎఫ్12 నొక్కితే బూట్ మెనూ (దేన్నుంచి మొదలవ్వాలో ఎంచుకునే జాబితా) వచ్చింది. ఈ కీ ఒక్కో బోర్డుకి ఒక్కోలా ఉంటుంది. వైఫై, సౌండు, ప్రింటరు ఇబ్బంది పెట్టలేదు. ప్రోగ్రాములు తెరుచుకోవడం మాత్రం నెమ్మదే. అది పెన్‌డ్రైవ్ వేగం, దాన్నిబట్టి మింట్‌ని తీసిపారేయొద్దు.

నాకు అసలు పరీక్ష తెలుగు. కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు లేఅవుట్ చేర్చుకుని, లిబ్రే ఆఫీస్ రైటర్‌లో 'స్త్రీ' కొట్టాను. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో అయితే ఎం, డి, ఎల్, డి, జె, ఆర్ కీలు. గుడిదీర్ఘం, త ఒత్తు, దాన్ని అంటుకోకుండా క్రారవడి, అన్నీ వాటి చోట్లలో పడ్డాయి. సైజు 72కి పెంచి అంచులు కూడా చూశాను. ఫ్లెక్సీ మీదకి ఎక్కించినా మాట పడక్కర్లేదు. ప్రాణం లేచొచ్చింది.

చిక్కంతా పాత పనితోనే. నా ఫైళ్ళన్నీ పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ ప్రోగ్రాములో, అను ఫాంట్లతో ఉన్నాయి. పేజ్‌మేకర్‌కి లినక్స్ వెర్షన్ లేదు, ఆ అక్షరాలు యూనికోడూ (ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే చదివే పద్ధతి) కావు. ఫాంటు లేనిచోట తెరిస్తే కనిపించేవి ఇంగ్లీషు గుర్తులే. పోయినేడు వేసిన కార్డునే తేదీ మార్చి వేసిపెట్టమని వచ్చేవాళ్ళు బోలెడుమంది, వాళ్ళని వెనక్కి పంపలేను. కాబట్టి విండోస్ ఉంటుంది, నెట్ లేకుండా, పాత ఫైళ్ళ కోసం. మెయిలు, బ్యాంకు, కొత్తగా యూనికోడ్‌లో చేసే పని అంతా మింట్‌లో.

ఇంకో సంగతి. లైవ్‌లో, అంటే పెన్‌డ్రైవ్ మీదే నడుస్తున్నప్పుడు, డెస్క్‌టాప్ మీద సేవ్ చేసింది షట్‌డౌన్‌తో పోతుంది. సి డ్రైవ్ తెరుచుకుని ఏమీ రాయనివ్వకపోతే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ అవడానికి విండోస్‌ని పూర్తిగా ఆగనివ్వని సెట్టింగు) ఆపి మళ్ళీ చూడండి. పార్టిషన్ (హార్డ్‌డిస్క్‌ని భాగాలు చేయడం) జోలికి వెళ్ళే ముందు డేటా అంతా బయటి డిస్క్‌లోకి తీసుకోండి. నేను శుభలేఖల ఫోల్డర్‌తో మొదలుపెట్టాను, ఇంకా కాపీ అవుతూనే ఉంది.