మొదటి డోసుకు వచ్చిన బిడ్డ మూడో డోసుకు ఎందుకు రాలేదు?

మారుమూల ఊళ్లలో టీకాల శాతం తగ్గిందనగానే ముందు వినిపించే మాట "జనానికి అవగాహన లేదు" అని. ఆ మాట అనేముందు రిజిస్టర్ తెరిచి ఒక లెక్క వేయాలి. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకా మొదటి డోసు ఎంతమందికి పడింది, మూడోది ఎంతమందికి పడింది? మొదటిది 120 మందికి, మూడోది 90 మందికి పడితే తేడా 30. అంటే డ్రాపౌట్ 25 శాతం. 10 శాతం దాటితేనే ఆలోచించాల్సిన సంగతి. ఆ ముప్పై మంది తల్లులు టీకా వద్దన్నవాళ్లు కాదు, ఒకసారి బిడ్డనెత్తుకుని వచ్చినవాళ్లే. మళ్లీ రాలేదంటే లోపాన్ని ముందు టీకాలు వేసే మన సెషన్‌లో వెతకాలి. మొదటి డోసే తక్కువమందికి పడిన ఊరి సంగతి వేరు. అక్కడ చూడాల్సినవి దూరం, దారి, జాబితాకెక్కని ఇళ్లు.

వచ్చినవాళ్లను మనమే వెనక్కి పంపే సందర్భాలు చాలా ఉంటాయి. కాస్త జలుబు, కొద్దిపాటి జ్వరం టీకా ఆపడానికి కారణాలు కావు. ఆలస్యమైందని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. ఆగిన డోసు దగ్గర్నుంచి కొనసాగించి, పెంటావాలెంట్ డోసుల మధ్య కనీసం 4 వారాలు ఉంచితే చాలు. ఒకే రోజు రెండు మూడు సూదులు వేయవచ్చు. ఒకే తొడకు వేయాల్సి వస్తే రెండింటి మధ్య 2.5 సెంటీమీటర్ల ఎడం ఉండాలి.

తట్టు టీకా దగ్గర ఇంకో చిక్కు. పది డోసుల వయల్‌ను (మందు సీసాను) ఒక్క బిడ్డ కోసం తెరవడానికి చేయి రాదు. ద్రావకం కలిపాక 6 గంటల్లో, లేదా సెషన్ ముగిసేసరికి, ఏది ముందైతే అప్పటికి పారేయాలి కాబట్టి "పదిమంది పోగయ్యాక రండి" అంటారు. ఆ తల్లి మళ్లీ రాదు. తట్టు వ్యాప్తిని ఆపాలంటే 95 శాతం పిల్లలకు రెండు డోసులూ పడాలి. ఆ లెక్కలో తొమ్మిది డోసుల నష్టం చిన్నది, తప్పిపోయిన బిడ్డ నష్టం పెద్దది. వయల్ తెరవాల్సిందే. అయితే ఆ 6 గంటల గడువు మాత్రం దాటకూడదు. ఈ టీకాలో క్రిములను చంపే మందు ఉండదు. మిగిలిన వయల్‌ను మర్నాటికి దాచితే అందులో పెరిగిన బాక్టీరియా బిడ్డ ప్రాణం తీయగలదు.

ఎండ వేడికి టీకా పాడవుతుందని అందరికీ భయమే. గడ్డకట్టి పాడైనది మాత్రం ఎవరి కంటా పడదు. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పెంటావాలెంట్, హెపటైటిస్ బి, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) ఒక్కసారి గడ్డకడితే పనికిరావు. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాక్‌లను తీసినట్టే టీకాలు మోసుకెళ్లే క్యారియర్‌లో సర్దడమే ఇందుకు ముఖ్య కారణం. వాటిని బయట పరిచి, పైన చెమట పట్టేదాకా ఆగాలి. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాలి. బయలుదేరే తొందరలో అందరూ దాటేసే పని ఇదే. వయల్ మీద వేడికి రంగు మారే వీవీఎం గుర్తు వేడిని మాత్రమే చెబుతుంది: లోపలి చతురస్రం చుట్టూ ఉన్న వృత్తం కన్నా లేతగా ఉంటే వాడవచ్చు, రంగు సమానమైనా ముదిరినా పారేయాలి. గడ్డకట్టిన సంగతి అది చెప్పదు. అనుమానం వస్తే అదే కంపెనీ, అదే బ్యాచ్ వయల్ ఒకదాన్ని కావాలని గడ్డకట్టించి, పూర్తిగా కరగనిచ్చి, రెండింటినీ కలిపి ఊపి పక్కపక్కన నిలబెట్టాలి. అనుమానం ఉన్న వయల్‌లో మడ్డి మనం గడ్డకట్టించినదానితో సమానంగానో ఇంకా త్వరగానో దిగితే దాన్ని వాడకూడదు.

సూది వేశాక ఆ అరగంట కూర్చోబెట్టినప్పుడు తల్లికి నాలుగు మాటలు చెప్పాలి: ఏ టీకా వేశాం, దేనికి వేశాం, ఏం రావచ్చు, మళ్లీ ఎప్పుడు రావాలి. ఒకటి రెండు రోజులు జ్వరం, తొడ వాపు ఉండవచ్చని ముందే చెప్పకపోతే, రాత్రంతా ఏడ్చిన బిడ్డను చూసి ఆ ఇంటి పెద్దలు రెండో డోసు వద్దంటారు. వాళ్ల భయం సహజమే. మూడు గంటలకు మించి ఆపకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకురమ్మని కూడా అప్పుడే చెప్పాలి.

తల్లులు కూర్చున్న ఆ సమయంలోనే వాళ్ల బీపీ చూడవచ్చు, ఇంట్లో ఆడపిల్లల వయసు అడగవచ్చు. గర్భాశయ ముఖ క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా 9 నుంచి 20 ఏళ్ల వాళ్లకు ఒక్క డోసు వేసినా సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. దూరపు ఊళ్లకు ఇది గొప్ప వెసులుబాటు, ఎందుకంటే రెండోసారి పిలిపించే పని ఉండదు.

సెషన్ రోజు మారకూడదు. ఒక్కసారి చెప్పకుండా రద్దు చేస్తే, కూలి మానుకుని వచ్చిన తల్లి తర్వాతి నెల పనికే వెళుతుంది. రాలేని పరిస్థితి వస్తే ముందు రోజే కబురు పంపి, అదే వారంలో ఇంకో రోజు పెట్టాలి. సెషన్ ముగిసిన సాయంత్రమే రానివాళ్ల పేర్లు విడిగా రాసుకుని, ఊళ్లో ఆ ఇళ్లు తెలిసిన మనిషికి ఇవ్వాలి. పేరు పక్కన రాకపోవడానికి కారణం కూడా రాయమనాలి: ఊరు మారారా, పని ఉందా, భయపడ్డారా. వలస వెళ్లిన బిడ్డ కార్డు వివరాలు వెళ్లిన చోటికి పంపాలి, భయపడ్డ ఇంటికి మనిషి వెళ్లాలి, పనికి పోయే తల్లి కోసం సెషన్ వేళే మార్చాలి.