కీమోకి భయపడ్డాం, ఏడిపించింది మాత్రం రేడియేషన్: నా అనుభవం

నిన్నటితో అమ్మ ట్రీట్‌మెంట్ అయిపోయింది. మొత్తం 54 రోజులు. నెల తిరిగితే "పోనీలే, గండం గడిచిందిగా" అని నేనే సర్దుకుపోతానని తెలుసు, అందుకే కోపం చల్లారకముందే రాస్తున్నాను.

అమ్మకు 58 ఏళ్లు. గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్, 2బి స్టేజ్. ముట్లు ఆగిపోయిన ఎనిమిదేళ్లకు మళ్లీ రక్తం కనపడితే ఐదు నెలలు ఎవరికీ చెప్పలేదు. "ఈ వయసులో ఇదేం మాట అని నవ్వుతారని" అంది. మీ ఇంట్లో అమ్మ ఉన్నా అత్త ఉన్నా సిగ్గుపడకుండా అడగండి. ముట్లు ఆగాక ఒక్క చుక్క కనపడినా డాక్టర్‌కు చూపించాల్సిందే.

బయాప్సీ, ఎమ్మారై, ఆరోగ్యశ్రీ అప్రూవల్ పది రోజుల్లో అయిపోయాయి. రేషన్ కార్డులో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉంది కాబట్టి మాకు ఇబ్బంది రాలేదు.

ఆపరేషన్ వద్దు, కీమో, రేడియేషన్ రెండూ కలిపి ఇస్తామన్నారు. ఆ రోజు వరకు నాకు రెంటికీ తేడా తెలియదు. మా సూర్యాపేట వైపు రేడియేషన్‌ని కరెంటు పెట్టడం అంటారు, అమ్మ నిజంగానే షాక్ కొడుతుందనుకుని రెండు రాత్రులు నిద్రపోలేదు. అది కరెంటు కాదు, ఎక్స్‌రే లాంటి కిరణాలే, కాకపోతే చాలా బలమైనవి. గడ్డ ఉన్న చోటుకే గురి పెడతారు, పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది, నొప్పి ఉండదు. కీమో అంటే మందు. సెలైన్‌లో ఎక్కిస్తే రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతుంది. అమ్మకు ఇచ్చిన సిస్‌ప్లాటిన్ పని ఇంకోటి కూడా ఉంది, క్యాన్సర్ కణాలు రేడియేషన్‌కు తట్టుకోలేకుండా చేస్తుంది. అందుకే రెండూ ఒకేసారి ఇస్తారు.

మేం దడుచుకున్నది కీమోకే. ప్రతి సోమవారం డే కేర్‌లో మంచం, ముందు సెలైన్, తర్వాత మందు, మళ్లీ సెలైన్. ఈ మందు కిడ్నీల మీద పడుతుందట, అందుకే అంత నీరు ఎక్కిస్తారు, ప్రతి వారం క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష) చూస్తారు. వాంతులకు ముందే మాత్రలిచ్చారు. నోరు ఇనుము నాకినట్టు ఉందని చారన్నం తప్ప ఏదీ ముట్టలేదు. ఐదో వారం తెల్ల కణాలు తగ్గాయని కీమో ఆపారు, రేడియేషన్ మాత్రం నడిచింది. అంతే, కీమో కథ అయిపోయింది.

జుట్టు గురించి ఒక మాట. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ "జుట్టు ఊడలేదేంటి, అసలు కీమో ఇచ్చారా, నీళ్లు ఎక్కించి పంపారా" అన్నారు. కీమో మందులన్నిటికీ జుట్టు ఊడాలని లేదు. వారానికోసారి ఇచ్చే ఈ మందుకు కాస్త పలచబడుతుంది, అంతే. రేడియేషన్‌కైతే కిరణాలు పడిన చోటే ఊడుతుంది, పొత్తికడుపు మీద పెడితే తల వెంట్రుకలకు ఏమీ కాదు. రోగి ముందు కూర్చుని అనుమానాలు చెప్పేవాళ్లను ఇంటికి రానివ్వకండి, చుట్టాలైనా సరే.

ఇక రేడియేషన్. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ, మొత్తం 25 రోజులు. మొదలుపెట్టే ముందు సిటీ స్కాన్ తీసి పొట్ట మీద, తొడల పక్కన నీలం ఇంకుతో గుర్తులు పెట్టారు. ఆ గుర్తుల మీదే రోజూ గురి కుదురుస్తారు కాబట్టి సబ్బు పెట్టొద్దు, రుద్దొద్దు అన్నారు. ఇంకా "రోజూ వచ్చి బాత్రూమ్‌కి వెళ్లి, తర్వాత అర లీటరు నీళ్లు తాగి ఆపుకోవాలి" అన్నారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. గోడ మీద కాగితం కూడా లేదు.

పదకొండో రోజు, గురువారం. రేడియేషన్ గదులు సెల్లార్‌లో ఉంటాయి, కిటికీ ఉండదు, ఏసీ చలి, వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. అమ్మ ఎప్పటిలాగే మూడు గ్లాసుల నీళ్లు తాగి కూర్చుంది. ఇంకో ఇద్దరి తర్వాత మా టోకెన్. అంతలో మిషన్ ఆగిందన్నారు. అరగంట, ముప్పావు గంట. నడిచాక ఒక స్ట్రెచర్ పేషెంట్‌ను ముందు తీసుకెళ్లారు, అది న్యాయమే. అమ్మ నా వేళ్లు పట్టుకుని నొక్కుతోంది, మాట్లాడటం లేదు. వెళ్లొస్తానని అడిగితే, "వెళ్తే మళ్లీ తాగి గంట కూర్చోవాలి, నీ ఇష్టం" అన్నాడు లోపల పనిచేసే అతను. మళ్లీ గంట అనేసరికి అమ్మ ఆగింది. టోకెన్ నంబరు పిలిచారు. లేచి నిలబడింది, అంతే, ఆగలేదు.

ముగ్గురు పిల్లల్ని కన్న మనిషి. అతను అందరి ముందు "ఈ వయసొచ్చింది, ఆ మాత్రం ఆపుకోలేవా? కోట్ల మిషన్ మీద ఇట్లా పడుకుంటవా?" అన్నాడు. తన తల్లి వయసున్న మనిషిని నువ్వు అని. అమ్మ కొంగుతో చీర ముందు కప్పుకుని అదే తడి కుర్చీలో మళ్లీ కూర్చుంది, జనం తగ్గేదాకా లేవనని తల దించుకుంది. నేను నా చున్నీతో నేల తుడిచాను. ఒక్కరు కూడా బట్ట ముక్క ఇవ్వలేదు. ఆ రోజు రేడియేషన్ పెట్టలేదు.

రూమ్‌కు వచ్చాక అమ్మ ఒకటే మాట: "ఆ కీమో సూదులు ఎన్నైనా పొడిపించుకుంట బిడ్డా, ఆ గదికి మాత్రం రాను." శుక్రవారం రాలేదు. శని, ఆదివారాలు ఎలాగూ ఉండదు. అలా నాలుగు రోజులు పోయాయి.

సోమవారం కీమో వార్డులో ఒక జూనియర్ డాక్టరమ్మను పట్టుకుని అంతా చెప్పాను. ఆమె అమ్మ మంచం పక్కన కూర్చుని కాగితం మీద బొమ్మ గీసింది. మూత్రాశయం నిండితే పేగులను పైకి నెడుతుంది, కిరణాలు వాటి మీద తక్కువ పడతాయి, విరేచనాలు తగ్గుతాయి. పైగా స్కాన్ రోజు ఎంత నిండి ఉందో రోజూ దాదాపు అంతే ఉండాలి, లేకపోతే లోపల గర్భసంచి కాస్త జరుగుతుంది, గురి తప్పుతుంది. "మీకోసమే అమ్మా, మిషన్ కోసం కాదు" అంది. ఈ క్యాన్సర్‌కు మొత్తం ట్రీట్‌మెంట్ ఎనిమిది వారాల్లో పూర్తి కావాలి, మధ్యలో రోజులు పోతే ఫలితం తగ్గుతుంది అని కూడా అప్పుడే తెలిసింది. ఐదు నిమిషాలు పట్టింది. మొదటి రోజే చెప్పి ఉంటే అమ్మ ఏడ్చేది కాదు.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చాను. వెళ్లగానే నీళ్లు తాగించలేదు. ముందు ఎంతమంది ఉన్నారో, మిషన్ నడుస్తోందో లేదో అడిగి, లెక్కేసి అప్పుడు తాగించాను. బాటిల్ మీద అర లీటరు దగ్గర గీత పెట్టాను. సంచిలో చీర, లంగా, పాత తువ్వాలు ఎప్పుడూ ఉండేవి. ఆ తర్వాత ఒక్క రోజు కూడా తప్పలేదు, ఇది గర్వంగా చెప్తున్నాను. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఇంకో అమ్మకు, ఆమె కోడలికి కూడా నేనే నేర్పాను.

చివర్లో లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్, మూడుసార్లు. మత్తు ఇచ్చి గొట్టాలు పెట్టి, కిరణాలిచ్చే చిన్న మూలకాన్ని కాసేపు లోపలికి పంపి మళ్లీ మిషన్‌లోకి లాగేస్తారు. నడుము పట్టేసింది తప్ప అమ్మ గట్టిగానే నిలబడింది.

మా వదిన "రేడియేషన్ తగులుతుంది" అని బాబును రెండు నెలలు అమ్మ దగ్గరికి రానివ్వలేదు. బయటి నుంచి పెట్టిన రేడియేషన్ ఒంట్లో ఏమీ మిగలదు, ఎత్తుకోవచ్చు, ముద్దు పెట్టుకోవచ్చు. జాగ్రత్త పడాల్సింది కీమో తర్వాత రెండు రోజులు. మందు మూత్రంలో పోతుంది కాబట్టి బాత్రూమ్‌లో రెండుసార్లు నీళ్లు కొట్టాలి, తడిసిన బట్టలు విడిగా ఉతకాలి.

మూడు నెలలకు స్కాన్ రాశారు. నీలం గుర్తులు ఇంకా పూర్తిగా పోలేదు. సబ్బు పెట్టి రుద్దుకోనా అని పొద్దున్నుంచి రెండుసార్లు అడిగింది అమ్మ. చర్మం ఇంకా నల్లగా, మండుతూ ఉంది, ఇంకొన్నాళ్లు ఆగమన్నాను.