విడుదలైన తొలి రెండు వారాలు

“సర్కారు సొమ్ముతోని ఖైదీలకు మత్తు పంచనీకేనా బిడ్డా, నువ్వు నర్సింగ్ చదివింది?” అని, జైళ్ళశాఖలో పనిచేసి రిటైరై సైదాబాద్‌లో ఉంటున్న మా మేనమామ ఫోన్లో గద్దించారు. పెద్దాయనకు ఎదురు చెప్పలేక ఊరుకున్నాను గాని, ఆ మాట మనసును వదలడం లేదు.

నేను పనిచేసేది అమెరికాలోని ఒక కౌంటీ జైలులో. హెరాయిన్‌కో ఫెంటనిల్‌కో బానిసలైన వారికి రోజూ బ్యుప్రెనార్ఫిన్ అనే మందును నాలుక కింద పెట్టించి, అది కరిగేదాకా ఎదురుగా నిలబడి, నోరు తెరిపించి చూస్తాను. హెరాయిన్ మెదడులో ఎక్కడ పట్టుకుంటుందో ఈ మందూ అక్కడే పట్టుకుని వణుకును, వాంతులను, తపనను అణుస్తుంది. ఒక హద్దు దాటాక మోతాదు పెంచినా దాని ప్రభావం అంతగా పెరగదు.

జైల్లో ఎలాగూ మానేస్తారు కదా అంటారు మామయ్య. అసలు ప్రమాదం అక్కడే ఉంది. నెలల తరబడి మత్తు దొరకక శరీరం తట్టుకునే శక్తిని పోగొట్టుకుంటుంది, బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన వారిపై 2007లో వెలువడిన అధ్యయనం, తొలి రెండు వారాల్లో మాదకద్రవ్యాల మోతాదు మించి చనిపోయే ముప్పు సామాన్య ప్రజలకంటే 129 రెట్లని తేల్చింది. రోడ్ ఐలండ్ జైళ్ళలో 2016లో ఇలాంటి మందులు విస్తృతంగా ఇవ్వసాగాక, విడుదలైన వారిలో అటువంటి మరణాలు దాదాపు 60 శాతం తగ్గాయి. ఇదేమీ అమెరికా వింత కాదు, తీహార్‌లో 2008లోనే మొదలైంది. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ ఆసుపత్రికి ఎందరు పరుగెత్తారో మామయ్యకు తెలియదా? ఆ కల్తీ కల్లులోని మత్తు వేరే జాతిది, నిజమే. ఉన్నట్టుండి ఆపితే శరీరం ఎంత అల్లాడుతుందో మాత్రం నగరమంతా చూసింది.

ఈ దేశం మీద నా కోపం వేరు. మనవైపు విడుదలనాడు గేటు ముందు తల్లో, తమ్ముడో, కనీసం బస్తీవాడో ఆటో మాట్లాడుకుని నిలబడి, తిట్టుకుంటూనైనా ఇంటికి తీసుకుపోతారు. ఇక్కడ చాలామంది ఒక ప్లాస్టిక్ సంచీ, మోతాదు మించి ఊపిరి ఆగుతుంటే ముక్కులో కొట్టి బతికించే, మేమిచ్చిన నలాక్సోన్ స్ప్రే పట్టుకుని ఒంటరిగా వెళ్ళిపోతారు. స్పృహ తప్పినవాడు తన ముక్కులో తానే స్ప్రే కొట్టుకోలేడు కదా! అయితే మన తల్లి కూడా “మానేశావుగా, ఇంకా గోలీలెందుకు” అని వాటిని పారేయిస్తుందేమోనని నా భయం.

నెలకొకసారి వేసే బ్యుప్రెనార్ఫిన్ ఇంజెక్షన్ ఉంది. విడుదలకు ముందు వేస్తే ఆ రెండు వారాలు గడుస్తాయి. కోర్టు ఉన్నపళంగా వదిలేస్తే దానికి వ్యవధి ఉండదు. అందుకే విడుదల ఉత్తర్వు అందగానే ముందుగా మా గదికి ఫోన్ చేయమని అధికారులను అడుగుతూనే ఉన్నాం.