ఉయ్యాలో దగ్గర బెలోస్ మూసుకోవట్లేదు

ఈ వారమంతా అకార్డియన్ మీద ఒకే ఒక్క బతుకమ్మ పాటతో పోయింది. స్వరాలు అయిదే, కుడిచేతి వేళ్ళకు పెద్ద పనే లేదు. అయినా నాలుగో పంక్తికి వచ్చేసరికి బెలోస్, అంటే పెట్టె మధ్యలో గాలి తోసే మడతల భాగం, పూర్తిగా సాగిపోయి ఎడమ చెయ్యి ఇక కదలనంటోంది. భలే చిరాకేసింది. నిన్న రాత్రికి గాని విషయం అంతుపట్టలేదు. పట్టాక మాత్రం నిద్ర రాలేదు, అందుకే పొద్దున్నే రాస్తున్నాను.

పాట అమ్మ హనుమకొండ నుంచి వాట్సాప్‌లో పాడి పంపింది. ఆమె గొంతు ఐదున్నర శృతి, అంటే జి షార్ప్. నేను అర మెట్టు దించి జిలో పెట్టుకున్నాను. ఎడమచేతి బాస్ వైపు సి బటన్ పక్కన జి, దాని పక్కన డి ఉంటాయి కాబట్టి షడ్జమం (జి), పంచమం (డి) రెండూ కలిపి నొక్కితే తంబూరా వేసినట్టు శృతి నిలబడుతుంది. ఇది మొదటి రోజే కుదిరింది. ఒక్క బటన్‌తో కొన్ని స్వరాలు కలిసి పలికే కార్డుల వరుస ముట్టుకోవట్లేదు. మన జానపదాలకు మేజర్, మైనర్ కార్డులు తగిలిస్తే పాట రంగే మారిపోతుందని నా గట్టి అభిప్రాయం.

ఇక గొడవ ఎక్కడంటే, ఈ పాటను ఒకరు చెబుతారు, మిగతావాళ్ళంతా 'ఉయ్యాలో' అని అందుకుంటారు. అమ్మ పాడే వరుసలో చెప్పేవాళ్ళ పంక్తి 6 బీట్లు, అందుకునేది 2 బీట్లు. మెట్రోనోమ్ నిమిషానికి 88 బీట్ల మీద పెడితే ఒకటి 4 సెకన్లు, రెండోది సెకనున్నర కూడా లేదు. పంక్తికి బెలోస్ తెరిచి ఉయ్యాలోకి మూయడం సహజంగా అనిపించింది, అలాగే వాయించాను. పెట్టె పైఅంచు దగ్గర టేపు పెట్టి కొలిస్తే, పంక్తికి 18 సెంటీమీటర్లు సాగుతోంది, ఉయ్యాలోకి 7 మాత్రమే మూసుకుంటోంది. ప్రతి పంక్తికీ 11 మిగులు. మూడు పంక్తులు అయ్యేసరికి 33 సెంటీమీటర్లు తెరుచుకుని ఉంటుంది, నాలుగోదానికి నా చెయ్యి చాలదు.

మొదట గాలి లీకేమో అనుకున్నాను. పట్టీలు విప్పి, ఏ కీ నొక్కకుండా, కీబోర్డు వైపు పట్టుకుని బాస్ వైపు కిందికి వేలాడదీశాను. 10 సెకన్లలో ఒక సెంటీమీటరు కూడా జారలేదు. కాబట్టి పెట్టె శుభ్రంగా ఉంది. లీకు ఉండి ఉంటే ఇక్కడ బెంగళూరులోని బళేపేటకు వెళ్ళేవాణ్ణి. అక్కడి హార్మోనియం పనివాళ్ళు బెలోస్ మడతలకు తోలు అతికించడంలో సిద్ధహస్తులు. రీడ్ల (గాలికి అదిరి పలికే లోహపు రేకుల) ట్యూనింగ్ మాత్రం అకార్డియన్ తెలిసినవాళ్ళే చెయ్యాలి. ఒక్కో రీడు ప్లేటుకు తెరిచేటప్పుడు పలికేది ఒకటి, మూసేటప్పుడు పలికేది ఒకటి ఉంటాయి, రెండూ కలవాలి.

తర్వాత గాలి బటన్, అంటే స్వరం పలకకుండా గాలి వదిలేది. ఉయ్యాలో అంటున్నప్పుడే బొటనవేలితో దాన్ని సగం నొక్కితే బెలోస్ త్వరగా మూసుకుంటుంది. మూసుకుంది కూడా. కానీ గాలి అటు పోతే రీడ్లకు అందేది తగ్గుతుంది కదా. పదిమంది కలిసి అందుకోవలసిన చోట శబ్దం నీరసించిపోయింది. ఫోన్‌లో విన్నాక దాన్ని పక్కన పెట్టేశాను.

అమ్మకు ఫోన్ చేసి వినిపిస్తే ఒకటే మాట అంది: "పాట చెప్పేటామె పానం తీసి పాడది బిడ్డా, మెల్లగ చెప్తది. జోరంత అందుకునేటోళ్ళదే."

అక్కడే చిక్కుముడి వీడింది. చెప్పేవాళ్ళ పంక్తిలో గాలి తక్కువ వాడాలి, ఉయ్యాలోలో ఎక్కువ వాడాలి. నేను రెండింటికీ ఒకే ఒత్తిడి, ఒకే శృతి ఇస్తున్నాను. పంక్తికి బాస్ తీసేసి కొలిస్తే 18 కాస్తా 13కి దిగింది. అంటే అయిదు సెంటీమీటర్లు శృతే మింగేస్తోంది! బాస్ బటన్ ఒక్కటి నొక్కినా లోపల వేర్వేరు స్థాయిల్లో అదే స్వరానికి రీడ్లు పలుకుతాయి, నేను నొక్కేది రెండు. ఇక ఉయ్యాలోకి శృతి వేసి, కుడిచేత్తో పై స్థాయి స్వరం కూడా కలిపి గట్టిగా మూస్తే 7 కాస్తా 11 అయింది. మిగులు 2 సెంటీమీటర్లే. ఎనిమిది పంక్తులు వాయించినా 16 దాటదు, ఆ తర్వాత కాస్త ఆగినప్పుడు గాలి బటన్‌తో మూసుకోవచ్చు.

రిజిస్టర్ (ఒక్కో స్వరానికి ఏ రీడ్లు పలకాలో మార్చే స్విచ్) మార్చి చూశాను కూడా. పంక్తికి ఒక్క రీడు, ఉయ్యాలోకి రెండు. గొంతు అద్భుతంగా ఉంది, ఒంటరి గొంతుకు గుంపు జవాబిచ్చినట్టే. కానీ స్విచ్ కోసం చెయ్యి కీబోర్డు వదిలిన ప్రతిసారీ పంక్తిలో చివరి అక్షరం తెగిపోతోంది. రికార్డింగ్‌లో చూస్తే మూడో వంతు సెకను ఖాళీ. 88 దగ్గర అది అర బీటు. నా వేగానికి ఇంకా అందదు.

ఇప్పటికీ లొంగనిది ఒకటుంది. ఉయ్యాలో గట్టిగా మూసి వెంటనే మెల్లగా తెరవాలంటే, తర్వాతి పంక్తి మొదటి అక్షరం కుదుపుతో వస్తోంది. ఎడమ చేతి పట్టీ వదులుగా ఉండటం కారణమని నా అనుమానం. మణికట్టుకూ పట్టీకీ మధ్య రెండు వేళ్ళు దూరుతున్నాయి, ఆ సందు దాటేదాకా బెలోస్ కదలదు. ఒక రంధ్రం బిగించి చూడాలి.

కాబట్టి నాలాగా కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు పాట ఎంచుకునేటప్పుడు స్వరాలు ఎన్ని అని కాదు, ఊపిరి ఎక్కడ అని చూడండి. లాలిపాటలు తేలికనుకుంటాం, దీర్ఘాలు బెలోస్‌ను పీల్చేస్తాయి. జారుడు ఎక్కువున్న పల్లెపదాలు అసలు వద్దు, అకార్డియన్ కీ మీద స్వరం వంగదు. రెండు జట్లు సమానంగా పంచుకునే కోలాటం పాటలే మొదటి మెట్టుకు మంచివి. నాది 48 బాస్ బటన్ల పాత వెల్ట్‌మైస్టర్ కంపెనీ పెట్టె. ఈ పాటలకు అంతకంటే పెద్దది అక్కర్లేదు. 120 బాసుల పెట్టె సుమారు పది కిలోలు ఉంటుంది, నేర్చుకునే దశలో ఆ బరువు భుజాలకే సరిపోతుంది. హోనర్ కంపెనీ చిన్న మోడళ్ళు ఇంకా తేలిక, కానీ నాకు వెల్ట్‌మైస్టర్ రీడ్ల గొంతే ఇష్టం.

మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళు ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా రోజూ ఆడతారు. తంగేడు, గునుగు ఇక్కడ దొరకడం కష్టమని కేఆర్ మార్కెట్ బంతిపూలతోనే పేరుస్తారు. వాళ్ళు తిరిగే వేగం 88 కంటే ఎక్కువే, నేను 96కి చేరాలి. ఈలోగా 'చందమామ' అని అందుకునే పాట ఒకటి పాడి పంపమని అమ్మను అడిగాను. అది రాగానే స్వరాలు రాసుకునే ముందు చప్పట్లు లెక్కపెట్టి, తెరిచే చోటా మూసే చోటా పెన్సిల్ గీతలు పెట్టుకుంటాను.