ఐయోనా ఎదుటి ఒడ్డున మూడు గంటలు

స్కాట్లాండు పడమటి తీరాన క్రెయిగ్నూర్‌లో ఓడ దిగి, మల్ ద్వీపం మీదుగా ఫిన్నఫోర్ట్ రేవు దాకా వెళ్లే ఆ 60 కిలోమీటర్ల బస్సు ప్రయాణం ఓర్పుకు పరీక్ష. దారిలో చాలా భాగం ఒక్క బండికి సరిపోయేంతే ఉంటుంది కాబట్టి, ఎదురుగా ఏది వచ్చినా ఎవరో ఒకరు వెడల్పు జాగాలోకి ఒదిగి ఆగవలసిందే; గొర్రెలు మాత్రం ఎవరికీ ఒదగవు. తీరా రేవు చేరితే, గాలి ఉధృతంగా ఉందని పడవలు ఆపేశారు. నేను చేరవలసిన ఐయోనా ద్వీపం కళ్లెదుటే ఉంది, మధ్యనున్నది మైలు వెడల్పు నీళ్లు, పది నిమిషాల ప్రయాణం. గిన్నెడు సూపుకూ రెండు రొట్టెముక్కలకూ అక్కడ నేను చెల్లించిన డబ్బుతో మా ఊళ్లో నలుగురు కడుపునిండా భోంచేయవచ్చు.

నేను వెళ్లింది అడోమ్నాన్ కోసం. ఆయన 679 నుంచి 704లో మరణించేదాకా ఐయోనా మఠానికి అధిపతి. యుద్ధాలలో స్త్రీలకూ పిల్లలకూ మఠవాసులకూ హాని కలగకుండా ఐర్లాండులోని బిర్‌లో 697లో చట్టం చేయించినవాడూ ఆయనే. 563లో ఈ మఠాన్ని స్థాపించిన కొలుంబా జీవితాన్ని రాస్తూ ఆయన చెప్పిన ఒక ముచ్చట ఆ రేవులో పదే పదే గుర్తొచ్చింది. అప్పట్లో ఈ ఒడ్డున నిలబడి కేక వేస్తే అవతలి నుంచి పడవ వచ్చేది. ఒకనాడు అలాంటి కేక విని కొలుంబా, ఆ వచ్చే మనిషికి నిదానం లేదనీ, ఇవాళ సిరా నింపుకునే తన కొమ్మును ఒలకబోస్తాడనీ అన్నాడట. శిష్యుడు గుమ్మం దగ్గర కాపు కాసి, కాసేపటికి ఏదో పనిమీద పక్కకు వెళ్లాడు. అతిథి రానే వచ్చి, గురువును ముద్దాడే ఆత్రంలో బట్ట చెంగుతో సిరాకొమ్మును పడదోశాడు. మహిమల పుస్తకంలో ఇంత ఇంటివాసన ఉన్న మాట ఉండడమే నాకు మహిమలా తోచింది.

అడోమ్నాన్ యెరూషలేము చూడలేదు, అయినా అక్కడి పవిత్రస్థలాల మీద గ్రంథం రాశాడు. అక్కడికి వెళ్లివచ్చిన ఆర్కుల్ఫ్ అనే గాల్ దేశపు (నేటి ఫ్రాన్సు ప్రాంతం) బిషప్పును ప్రశ్నించి, ఆయన చెప్పినదంతా రాసుకున్నాడు. అక్కడి చర్చి నమూనాను ఆర్కుల్ఫ్ మైనపు పలక మీద గీసి చూపించాడు. కాశీ చూడని మా నాయనమ్మ, వెళ్లివచ్చినవాళ్లను కూర్చోబెట్టి ఘాట్లకు ఎన్ని మెట్లున్నాయో, నీళ్లు ఏ మెట్టు దాకా వస్తాయో అడిగి, ఆ తరువాత తానే వెళ్లినట్టు మాకు చెప్పేది. నేనేమో ఇంత దూరం వచ్చి మైలు నీటి ముందు సూపు తాగుతూ కూర్చున్నాను.

మూడు గంటల తరువాత గాలి తగ్గి, పడవ కదిలింది. అవతల చర్చినీ శిలువలనీ ఆదరాబాదరాగా చూసి, టోర్ యాన్ అబా అనే చిన్న గుట్ట ఎక్కాను. 1957లో ఇక్కడ తవ్వినప్పుడు కాలిన గుడిసె బొగ్గు దొరికింది. ఆరు దశాబ్దాల తరువాత పరీక్షిస్తే అది 540, 650 సంవత్సరాల మధ్యదని తేలింది. కొలుంబా 597లో చనిపోయాడు కనుక, ఆ సిరా ఒలికిన గది ఇదే కావచ్చునంటారు.

గుట్ట మీద నిలబడి అవతలి ఒడ్డు వైపు చెవి ఒగ్గాను. ఇప్పుడెవరైనా కేక వేస్తే వినిపిస్తుందా అని చూశాను. గాలి హోరు, గొర్రెల అరుపులు తప్ప ఏమీ లేవు. ఈ పడవ తప్పితే చివరి బస్సు అందదు; రేవు వైపు పరుగెత్తాను.