విభూతి బుధవారం నాటి కనకాంబరాలు

మా వారు 2022 సెప్టెంబరులో గుండెపోటుతో పోయారు. ఇంట్లో మనిషి పోయిన ఏడాది దసరాను, దీపావళిని, సంక్రాంతిని ఎలా దాటాలో మన పెద్దలు ఒక పద్ధతి ఏర్పరచి ఉంచారు. పండుగ లేదు కనుక పిండివంటలు ఉండవు, చుట్టాలకు సంగతి తెలుసు కనుక పిలుపులూ ఉండవు. ప్రేమికుల రోజైన ఫిబ్రవరి 14 మాత్రం మన పంచాంగంలోని పండుగ కాదు, కాబట్టి దానిని దాటే పద్ధతి ఎవరూ చెప్పలేదు.

ఆయన గులాబీలు తెచ్చే మనిషి కాదు. ఆ సాయంత్రం సికింద్రాబాద్ మోండా మార్కెట్ మీదుగా వచ్చి, ఆకులో చుట్టిన మూరెడు కనకాంబరాలు నా చేతిలో పెట్టి, ఏమీ ఎరగనట్టు కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయేవారు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ మూరెడు పూలే మా పండుగ. ఆయన పోయిన పదో రోజున నా తలలో పూలు తీయించారు. తీయించిన పెద్దలలో మా అత్తయ్య లేదు. 1989లోనే తన పూలు పోగొట్టుకున్న ఆమె, ఆ పూట పక్క గదిలో గోడవైపు తిరిగి పడుకుంది.

బ్యాంకు ఓటీపీల కోసం ఆయన ఫోన్ నంబరుకు రీచార్జి చేయిస్తూనే ఉన్నాను. 2023 ఫిబ్రవరి 14 ఉదయం, మా అమ్మాయి పుట్టినరోజుకు ఆయన ఎప్పుడో బొకే కొన్న పూల దుకాణం నుంచి, శ్రీమతికి పూలు పంపడం మరచిపోవద్దని ఆ ఫోనుకు సందేశం వచ్చింది. ఆ రోజు గురించి ఇంతకన్నా చెప్పలేను.

తర్వాతి నెలల్లో, ఆ తేదీ మీద కోపంతోనే, దాని పుట్టుక గురించి చదివాను. వాలెంటైన్ 3వ శతాబ్దంలో రోము ప్రాంతంలో మతం కోసం ప్రాణమిచ్చిన వ్యక్తి అనీ, ఆయన జీవితం గురించి నిశ్చయంగా తెలిసింది చాలా తక్కువ కనుక 1969లో కథోలిక సంఘం ఆయన పండుగను తన సార్వత్రిక క్యాలెండరు నుంచి తొలగించిందనీ తెలిసింది. అటువంటివారి పండుగను వారు మరణించిన తేదీన జరపడం ఆ సంఘంలో ఆచారమట. ప్రేమ మాట 14వ శతాబ్దపు ఆంగ్ల కవిత్వంలో గాని ఆ తేదీతో ముడిపడలేదట. అంటే ఊరంతా గులాబీలు అమ్మే ఆ రోజు మూలంలో ఒక తద్దినం. ఈ సంగతి నాకు పెద్ద ఊరట కలిగించింది. ఆ రోజున నావంటి వారికి కూడా చోటు ఉందనిపించింది.

2024లో ఆ తేదీ బుధవారం వచ్చింది. వసంత పంచమి కూడా ఆనాడే. మధ్యాహ్నం మా కార్యాలయంలో పనిచేసే కథోలిక అమ్మాయి సెయింట్ మేరీస్ చర్చికి వెళ్ళి, నుదుట బూడిద శిలువతో తిరిగివచ్చింది. అది విభూతి బుధవారమట, ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలానికి తొలిరోజు. "పోయినేడు మట్టల ఆదివారం నాడు మేం చేతుల్లో పట్టుకున్న మట్టలే అక్కా, వాటినే కాల్చి ఈ బూడిద చేస్తారు" అంది. పచ్చగా ఊపిన మట్టలే ఏడాది తిరిగేసరికి నుదుటిమీదికి రావడం నన్ను సాయంత్రం దాకా వదలలేదు. ఇంటికి పోకుండా మోండా మార్కెట్‌కు నడిచాను.

"దేవునికా, తలలకా?" అని పూలామె అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆమె రెట్టించకుండా మూర కొలిచి ఇచ్చింది.

ఆయన ఫోటోకు వేయబోతుంటే మా అత్తయ్య చూసి, సగం తెంపి తన చేతికి ఇమ్మంది. "శివుడు కాముని కాల్చి బూడిద జేసిండు. మల్ల రతీదేవి ఏడిస్తె, నీ మొగుడు ఒళ్ళు లేకుండ ఉంటడని వరమియ్యలేదా? ఒళ్ళు లేకుంటె ఏమాయె, ఆమె కాముని పెండ్లామే. ఆమె పూలు ఎవలన్న తీసిండ్రా బిడ్డా?" అని ఆ సగాన్ని నా జడలో తురిమింది. మన్మథుణ్ణి అనంగుడంటారని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ పేరులో రతీదేవి దుఃఖమూ, ఆమెకు దక్కినదీ రెండూ ఉన్నాయని ఆనాడే తెలిసింది. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆ మాట చెప్పకపోతే నాకు ఎన్నటికీ తెలిసేది కాదేమో.

ముప్పై తొమ్మిది రోజులకు, మార్చి 24న, హోలీ ముందు రాత్రి, మా వీధి చివర కాముణ్ణి కాల్చారు. అత్తయ్య చేయి పట్టుకుని తీసుకువెళ్ళాను. ఆ వేళ నేను కొన్నవి రెండు మూరలు. రెండో మూర ఎవరికని ఆమె అడగలేదు. మంట చల్లారాక వంగి, చిటికెడు బూడిద ముందు నా నుదుట పెట్టి, తర్వాత తన నుదుట పెట్టుకుంది.